విమానం రేడియో ఇంగ్లిష్ చెవికెక్కాలంటే: ఏటిస్ వినుడు ప్రాక్టీస్

సుల్తానాబాద్ నుంచి మాట్లాడుతున్న. వెనకాల గుర్రుమని చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి, పక్కన రైస్ మిల్లు నడుస్తున్నది. ఎప్పుడూ మిల్లు ఆగినంక రికార్డ్ చేస్త, కానీ ఇయ్యాల కావాలనే ఇప్పుడు పెట్టిన. ఎందుకో కొంచెం ఆగితే మీకే తెలుస్తది.

మొన్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. బీఎస్సీ ఫైనల్ ఇయర్. "అన్నా, ఏటీసీ ఉద్యోగానికి చదువుతున్న. ఫిజిక్స్, మ్యాథ్స్ అంటే భయం లేదు. కానీ పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఏటిస్ రికార్డింగ్ ఒకటి పెట్టుకొని విన్న. మొత్తంల రెండే ముక్కలు అర్థమైనయ్. ఒకటి ఇన్ఫర్మేషన్, ఇంకోటి రన్‌వే. ఇది నాతోని అయితదా, లేకపోతే బీఎడ్ చేసుకోవాల్నా?" అని అడిగిండు.

తమ్ముడూ, బీఎడ్ మంచిదే, దాన్ని చిన్నగ చూడకు. కానీ ఈ కారణానికి మాత్రం ఇది వదిలిపెట్టకు. నువ్వు ఇంగ్లిష్ రాక ఆగిపోయినవని అనుకుంటున్నవ్. నీకు రానిది ఇంగ్లిష్ కాదు, అందులో ఏది ముందు వస్తదో ఏది వెనక వస్తదో తెల్వదు, అంతే. ఆ వరుస తెలిస్తే ఇంగ్లిష్ సినిమా ఒక్కటి కూడా సరిగ అర్థం కాని మనిషి కూడా ఏటిస్ రాసుకోగలడు. ఈ ఎపిసోడ్ అంతా దాని మీదనే.

ముందు ఏటిస్ అంటే ఏందో తెలియనివాళ్ల కోసం. విమానం దిగేముందు పైలట్‌కు కొన్ని సంగతులు కావాలి. ఏ రన్‌వే వాడుతున్నరు, గాలి ఎటునుంచి ఎంత, ఎంత దూరం కనిపిస్తున్నది, మబ్బు ఎంత ఎత్తుల ఉన్నది, ఎండ ఎంత, గాలి పీడనం ఎంత. వచ్చే ప్రతి విమానానికీ కంట్రోలర్ ఇదంతా మళ్ల మళ్ల చెప్పుకుంట కూచుంటే అసలు పనికి టైం ఉండదు. అందుకే దాన్నంతా ఒక రికార్డింగ్ చేసి, వేరే ఫ్రీక్వెన్సీల తిప్పి తిప్పి వినిపిస్తరు. పూర్తి పేరు ఆటోమేటిక్ టెర్మినల్ ఇన్ఫర్మేషన్ సర్వీస్. మన బస్టాండ్‌ల మైక్ ఉంటది చూడండి, "కరీంనగర్ పోవు బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద" అని చెప్పిందే చెప్తది. అట్లాంటిదే, కాకపోతే ప్రయాణికులకు కాదు, పైలట్లకు. దుబాయ్, మస్కట్ నుంచి వచ్చే మన అన్నలు శంషాబాద్‌ల దిగినంక వినే అనౌన్స్‌మెంట్ వేరు, ఇది వేరు. ఇది వాళ్లు ఇంకా ఆకాశంల ఉన్నప్పుడు ముందర కూచున్న ఇద్దరు వింటరు.

ఇప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టులల్ల ఇది రాతరూపంలో కాక్‌పిట్ స్క్రీన్ మీదికి కూడా వస్తున్నది. అయినా చెవితోని వినుడు మాత్రం పోలేదు. ఎందుకంటే ఆ తర్వాత కంట్రోలర్ మాట్లాడేదంతా చెవితోనే వినాలె.

రాత్రిపూట మన డాబా మీద పడుకుంటే పైన లైట్లు మినుకు మినుకుమంట పోతుంటయ్ కదా. ఢిల్లీ, నాగ్‌పూర్ దిక్కునుంచి శంషాబాద్ పోయే విమానాలు ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ మీదికెళ్లే దక్షిణానికి పోతయి. ఎత్తు తగ్గించుకునుడు మొదలుపెట్టకముందే పైలట్లు ఏటిస్ తీసుకుంటరు. అంటే మనం కింద దుప్పటి కప్పుకునే టైంకి పైన ఎవరో పెన్నుపట్టి హైదరాబాద్ గాలి సంగతి రాసుకుంటుండొచ్చు. మన పక్కన బసంత్‌నగర్‌ల కూడా ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది, పెద్దపల్లి దాటి రామగుండం పోయే తోవల. 1980లల్ల వాయుదూత్ విమానాలు అక్కడ దిగేవి. మా పెద్దోళ్లు చూడ్డానికి సైకిళ్ల మీద పోయినోళ్లే. అంటే విమానం మనకు మరీ అంత పరాయిది కాదు.

సరే, ఇప్పుడు వినండి. ఇది ప్రాక్టీస్ కోసం నేను తయారు చేసింది, నిజమైన రోజుది కాదు. ఒకసారి వేగంగా చదువుత. ఏమీ రాయకండి, ఊకే వినండి.

"దిస్ ఈజ్ హైదరాబాద్ అరైవల్ ఇన్ఫర్మేషన్ కీలో. టైం జీరో ఫైఫ్ ట్రీ జీరో. ఎక్స్‌పెక్ట్ ఐఎల్ఎస్ అప్రోచ్ రన్‌వే జీరో నైనర్ రైట్. సర్ఫేస్ విండ్ వన్ జీరో జీరో డిగ్రీస్, ఎయిట్ నాట్స్. విజిబిలిటీ ఫైఫ్ టౌజండ్ మీటర్స్, హేజ్. క్లౌడ్ స్కాటర్డ్ టూ టౌజండ్ ఫీట్. టెంపరేచర్ ట్రీ వన్, డ్యూ పాయింట్ టూ టూ. క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్ హెక్టోపాస్కల్స్. నో సిగ్నిఫికెంట్ చేంజ్. అక్నాలెడ్జ్ ఇన్ఫర్మేషన్ కీలో ఆన్ ఫస్ట్ కాంటాక్ట్."

సగం పోయిందా? పోతది. మిల్లు చప్పుడు కూడా కలిసింది. కాక్‌పిట్‌ల కూడా ఇంజిన్ రొద, రేడియో గరగర ఉంటయి. నిశ్శబ్దంగ ఉన్న రూంల ఇయర్‌ఫోన్ పెట్టుకొని నేర్చుకున్న చెవి అక్కడ ఆగం అయితది. అందుకే ఇయ్యాల మిల్లు ఆపేదాకా ఆగలే.

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. వినకముందే పేజీ ఎడమపక్కన కిందికి ఈ మాటలు రాసుకోండి: అక్షరం, టైం, అప్రోచ్, రన్‌వే, గాలి, చూపు, మబ్బు, ఎండ, మంచు బిందువు, క్యూఎన్‌హెచ్. తెలుగులోనే రాయండి, తప్పేం లేదు. ఇప్పుడు ఇదే రికార్డింగ్ మళ్ల వినండి, కుడిపక్కన నంబర్లు మాత్రమే నింపండి. వాక్యం అర్థం చేసుకోవాలని చూడకండి. "సర్ఫేస్ విండ్" అన్న మాట తలుపు కొట్టినట్టు. తలుపు తీసి వెనకాల వచ్చే నంబర్ పట్టుకోవాలె, గంతే. రెండోసారికి సగం గళ్లు నిండుతయి. నాలుగోసారికి ఒకటో రెండో మిగులుతయి. నేను క్లాసుల చెప్పిన పోరగాళ్లల్ల చాలామందికి ఇట్లనే అయింది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తొందరగ పట్టుకుంటరని నేను కూడా అనుకున్న. అట్లేం కాలేదు. వాళ్లు మొత్తం వాక్యం వినబోయి నంబర్ జారవిడుస్తరు.

ఒక్కొక్కటి చూద్దాం. కీలో అంటే బరువు కాదు, ఆంగ్లంల కే అక్షరం. ప్రతి కొత్త రికార్డింగ్‌కు ఒక అక్షరం. వాతావరణం మారి కొత్తది చేస్తే కీలో పోయి లీమా వస్తది. పైలట్ మొదటిసారి కంట్రోలర్‌తో మాట్లాడేటప్పుడు "ఇన్ఫర్మేషన్ కీలో" అని చెప్తే, ఇతని దగ్గర ఉన్నది కొత్తదా పాతదా అన్నది కంట్రోలర్‌కు ఒక్క మాటలో తెలిసిపోతది. ఈ ఆల్ఫా, బ్రావో, చార్లీ వరుస 1956 నుంచి ఇట్లనే ఉన్నది. వేరే వేరే భాషలవాళ్ల నోట్ల పడ్డా, గరగరల విన్నా ఒకదానికొకటి కలవకుండ ఉండే మాటలు ఏరి పెట్టిన్రు. బీ, డీ, పీ, టీ ఫోన్‌ల చెప్తే ఎట్ల కలిసిపోతయో ఆధార్ సెంటర్‌ల, గ్యాస్ బుకింగ్‌ల మనం చూస్తనే ఉన్నం.

టైం జీరో ఫైఫ్ ట్రీ జీరో అంటే పొద్దుగాల ఐదున్నర కాదు. విమానాల లోకం అంతా ఒక్కటే గడియారం, యూటీసీ. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైం. అంటే ఇది 11 గంటలు. ఎండ 31 డిగ్రీలు ఎందుకున్నదో ఇప్పుడు అర్థమైంది కదా.

రన్‌వే జీరో నైనర్ అంటే దిక్సూచి మీద దాదాపు 90 డిగ్రీలు, తూర్పు ముఖం. శంషాబాద్‌ల రెండు సమాంతర రన్‌వేలున్నయి, అందుకే లెఫ్ట్, రైట్ అని చెప్పాలె. గాలి 100 డిగ్రీలు అంటే తూర్పు నుంచి వస్తున్నది. విమానం గాలికి ఎదురుగ దిగుతది, గాలిపటం ఎగరేసినోళ్లకు ఇది చెప్పనక్కరలేదు. చూడండి, గాలి తెలిస్తే రన్‌వే సగం ముందే ఊహించొచ్చు. ఊహించినోని చెవి తొందరగ వింటది.

ఇప్పుడు నంబర్ల దగ్గర కొంచెం సేపు ఆగుదాం, అసలు సంగతంతా ఇక్కడనే ఉన్నది. నేను ట్రీ అన్న, ఫైఫ్ అన్న, నైనర్ అన్న, టౌజండ్ అన్న. తప్పు పలకలేదు. పౌర విమానయానానికి ఐక్యరాజ్యసమితి కింద ఐకావో అనే సంస్థ ఉన్నది. వాళ్ల పుస్తకంలోనే 3ను ట్రీ అని, 4ను ఫోవర్ అని, 5ను ఫైఫ్ అని, 9ని నైనర్ అని పలకాలని ఉన్నది. ఫైవ్, నైన్ రెండూ గరగరల ఒకే తీరు వినిపిస్తయి. అందుకే ఒకదాని తోక మార్చిన్రు, ఇంకోదానికి తోక తగిలించిన్రు. ఆ నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే శబ్దం ప్రపంచంల చాలా భాషలవాళ్లకు రాదు, అందుకే దాన్ని తీసేసిన్రు. మా చిన్నప్పుడు బళ్లె ట్రీ అంటే చెట్టు రా అని నవ్వేటోళ్లు. ఇక్కడ మాత్రం ట్రీ అంటేనే 3. నవ్వినోళ్లు ఇక్కడికొస్తే వాళ్లే మళ్ల నేర్చుకోవాలె.

ఇంకో మంచి సంగతి, రన్‌వే, గాలి దిశ, పీడనం లాంటివన్నీ అంకెకు అంకె విడగొట్టి చెప్తరు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ లేదు. వన్ ఫైఫ్ వేరు, ఫైఫ్ జీరో వేరు.

అయినా తప్పులు జరుగుతయి. 1989 ఫిబ్రవరి 19న మలేసియాల కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ కంపెనీ సరుకుల విమానం, బోయింగ్ 747, దిగబోతున్నది. 2400 అడుగులకు దిగమని కంట్రోలర్ చెప్పిండు, టూ ఫోర్ జీరో జీరో అని. ఇంగ్లిష్‌ల టూ అంటే రెండు అంకె కూడా అయితది, "ఫలానా దానికి" అనే మాట కూడా అయితది. పైలట్ చెవికి అది "400కు దిగు" అని పడ్డది. 400 అని తిరిగి చెప్పిండు కూడా. అటువైపు ఎవరూ ఆ తప్పు పట్టలేదు. విమానం గుట్టకు తగిలింది, అందులో ఉన్న నలుగురూ పోయిన్రు. వాళ్లు అమెరికన్లు. ఇంగ్లిష్ వాళ్ల అమ్మ భాష. తెలుగు మీడియం అని బాధపడే తమ్ముడూ, ఈ ముక్క రెండుసార్లు విను.

క్యూఎన్‌హెచ్ సంగతి చెప్త. విమానంల ఎత్తు చూపే మీటర్ నిజానికి గాలి పీడనం కొలిచే మీటర్. కింద పీడనం ఎంతున్నదో దానికి చెప్తే, అది లెక్కగట్టి ఎత్తు చూపిస్తది. మనం తప్పు నంబర్ పెడితే అది కూడా తప్పే చూపిస్తది, ఏ ఎర్రలైటూ వెలగదు. నేల దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ తేడాకు దాదాపు 27, 28 అడుగుల తేడా. 10 తేడా పడితే 280 అడుగులు.

2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్టుల ఇదే జరిగింది. స్వీడన్ నుంచి వస్తున్న ఎయిర్‌బస్ ఏ320. వాన, మబ్బు. అసలు పీడనం 1001. కంట్రోలర్ చెప్పింది 1011. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పిన్రు, మీటర్ల అదే పెట్టిన్రు. విమానం తామున్నామనుకున్న చోటుకంటే 280 అడుగులు కిందకొచ్చింది. రన్‌వే లైట్లు కనిపించకపోయేసరికి పైలట్లు మళ్ల పైకి లేపిన్రు. అప్పటికి రన్‌వేకు ఇంకా ఒకటిన్నర కిలోమీటర్ దూరముండంగనే, నేలకు 6 అడుగుల ఎత్తుదాకా వచ్చింది. 6 అడుగులంటే మనిషంత ఎత్తు. ఎవరికీ ఏం కాలేదు, రెండోసారి దిగిన్రు. అదే టైంల ఇంకో విమానానికి కూడా 1011 అనే చెప్తే, వాళ్లు 1001 అని తిరిగి చెప్పిన్రు. ఆ తేడా కూడా ఎవరి చెవికీ తగల్లేదు. సున్నా, ఒకటి. గంతే తేడా. నేను ఏటిస్ ప్రాక్టీస్‌ల క్యూఎన్‌హెచ్ తప్పు రాసినోనికి మిగతా తొమ్మిది గళ్లు కరెక్టున్నా మార్కు ఎందుకు ఇయ్యనో ఇప్పుడు అర్థమైతది.

ఇక తిరిగి చెప్పుడు గురించి. కంట్రోలర్ ఎత్తు, రన్‌వే, క్యూఎన్‌హెచ్ లాంటివి చెప్తే పైలట్ ఆ నంబర్లు మళ్ల నోటితో చెప్పాలె. దీన్ని రీడ్‌బ్యాక్ అంటరు. కిరాణా కొట్టుల చిట్టీ చదివినంక షావుకారి మళ్ల చదివినట్టు. రోజర్ అని మాత్రం అంటే చాలదు. సినిమాల్లో రోజర్ అంటే "సరే, చేస్తున్న" అన్నట్టు చూపిస్తరు. కాదు. రోజర్ అంటే "నీ మాట నాకు అందింది" అని మాత్రమే. చేస్తా అనడానికి విల్కో. అవును అనడానికి అఫర్మ్. కాదు అనడానికి నెగెటివ్. ఆగు అనడానికి స్టాండ్‌బై.

నా సంగతి ఒకటి చెప్త. నేను మొదట్ల ఒక చోట ప్రాక్టీస్ సెషన్‌కు పోయినప్పుడు, హెడ్‌సెట్ పెట్టి ఒక సూచన వినిపించిన్రు. నాకు ఒక్క ముక్క తెల్వలే. అందరూ చూస్తున్నరు. "రోజర్" అన్న, గట్టిగ, స్టైల్‌గ. సార్ టేప్ ఆపి, "ఏమర్థమైంది?" అని అడిగిండు. నేల చూసిన. అప్పుడు ఆయన నన్ను తిట్టలేదు, "తెల్వదని చెప్పనీకి ఇంగ్లిష్‌ల రెండే మాటలు, సే అగైన్. అది ఎందుకు రాలేదు నోట్లకెళ్లి?" అన్నడు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. మనం దవాఖానకు పోతం. డాక్టర్ ఏదో చెప్తడు. "సరే సార్, సరే సార్" అంటం. బయటికొచ్చి కంపౌండర్‌ను అడుగుతం, "అన్నా, ఏమన్నడే?" అని. బ్యాంకుల కూడా అట్లనే, బడిల కూడా అట్లనే. అర్థం కాలేదంటే చిన్నతనం అని మనకు చిన్నప్పటినుంచే ఉన్నది. రేడియోల మాత్రం కంపౌండర్ ఉండడు. ఇంగ్లిష్ తక్కువ వచ్చినోడు సే అగైన్ అని మూడుసార్లు అడిగితే కంట్రోలర్ కొంచెం విసుక్కుంటడేమో. ఇంగ్లిష్ మస్తు వచ్చినోడు అర్థం కాకున్నా రోజర్ అంటే ఏమైతదో చెప్పలేం.

మన దేశంల దీనికి పెద్ద ధర కట్టినం. 1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదీ విమానం, బోయింగ్ 747, దహ్రాన్‌కు లేచింది. అందుల 312 మంది. చాలామంది గల్ఫ్‌కు కూలికి పోయే మన దేశపోళ్లు. మన కరీంనగర్ దిక్కు ప్రతి వాడకట్టుల అట్ల పోయినోళ్లు ఉంటరు, అందుకే ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గొంతు పడుతది. ఎదురుగ కజకిస్తాన్ విమానం, ఇల్యూషిన్ 76, ఢిల్లీల దిగడానికి వస్తున్నది, 37 మంది. అప్పుడు ఢిల్లీకి వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకటే దారి. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఉంచిన్రు, కజక్ విమానాన్ని 15,000 దగ్గర ఉండమన్నరు. ఎదురుగ విమానం వస్తున్నదని కంట్రోలర్ హెచ్చరించిండు కూడా. కజక్ విమానంల రేడియో మాట్లాడేది పైలట్ కాదు, వేరే రేడియో ఆపరేటర్. మధ్యల ఇంకో మనిషి అన్నట్టు. ఆ విమానం 15,000 దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి జారింది. హర్యానాల చర్ఖీ దాద్రీ ఊరి మీద, ఆకాశంల, రెండూ ఢీకొన్నయి. 349 మందిల ఒక్కరు మిగల్లేదు. ప్రపంచంల గాలిల జరిగిన ఢీకొట్టుడులల్ల ఇప్పటికీ ఇదే పెద్దది.

జస్టిస్ లాహోటీ విచారణ చేసిండు. కజక్ విమానం చెప్పిన ఎత్తు వదిలి కిందికి దిగుడే అసలు కారణమని తేల్చిండు. ఇంగ్లిష్ సరిగ రాకపోవుడు, కంట్రోలర్ మాట తప్పు అర్థం చేసుకునుడు, కాక్‌పిట్‌ల ఒకరి పని ఒకరు చూసుకోకపోవుడు, ఇవి కూడా రాసిండు. ఒక్క ఇంగ్లిష్ మీదనే తప్పంతా పెట్టలేం. అప్పటికి ఢిల్లీ రాడార్ కూడా పాతది, ఎత్తు చూపించేది కాదు. కానీ ఆ తర్వాత ప్రపంచం ఊకోలేదు. 1998ల ఐకావో సభ తీర్మానం చేసింది, 2008 మార్చి 5 నుంచి పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిష్ స్థాయి పరీక్ష నియమం అమల్లోకి వచ్చింది.

ఆ పరీక్షల ఆరు మెట్లున్నయి, నాలుగో మెట్టు ఎక్కితే చాలు. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదాలు, ధారాళంగ మాట్లాడుడు, వినుడు, జవాబు చెప్పుడు, ఈ ఆరింటిల తక్కువ వచ్చిందే మీ లెవెల్. ఐదింటిల ఐదొచ్చి వినుట్ల మూడొస్తే మీరు మూడే. కానీ ఇంకో మాట కూడా అందులనే ఉన్నది: నాలుగో మెట్టు ఉచ్చారణల మాతృభాష యాస ఉండొచ్చు, ఎదుటోనికి అర్థం కావుడుకు అప్పుడప్పుడు తప్ప అడ్డం రాకపోతే చాలు. కరీంనగర్ యాసతోని నాలుగో మెట్టు ఎక్కొచ్చు. అమెరికా యాస నేర్పుతమని వేలు గుంజే కోచింగులకు పైసలు పెట్టకండి. ఇది నా మాట, కోపం వస్తే వచ్చింది.

ఉద్యోగం సంగతి ఒక నిమిషంల చెప్త. పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలె, ఖర్చు పదుల లక్షల్లో ఉంటది. భూమి అమ్మి కట్టేముందు నాలుగుసార్లు ఆలోచించండి. ఏటీసీకి అట్ల కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులు వేస్తది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ, లేకపోతే ఇంజినీరింగ్ ఉంటే చాలు. రాత పరీక్ష అయినంక వాయిస్ టెస్ట్ ఉంటది, మెడికల్ ఉంటది. వయసు హద్దు నోటిఫికేషన్‌ల చూసుకోండి, అది దాటిపోయినంక చాలామంది నాకు ఫోన్ చేస్తరు. ట్రైనింగ్ వాళ్లే ఇస్తరు.

ఇప్పుడు ఇంట్ల ఏం చేయాలె? ఫోన్ చాలు. శంషాబాద్ ఐకావో కోడ్ వీఓహెచ్ఎస్. ఆ నాలుగక్షరాలు, పక్కన మెటార్ అని కొట్టి వెతకండి. అరగంటకోసారి వచ్చే వాతావరణ రిపోర్ట్ ఒకే లైన్‌ల కనిపిస్తది, అక్షరాలు, అంకెలు. అది ప్రపంచం అంతా చూసేదే, దాచింది కాదు. ఆ లైన్‌ను చూసుకుంట నేను ఇందాక చదివిన వరుసల మీరే ఏటిస్ తయారుచేసి, మీ గొంతుతో రికార్డ్ చేయండి. నోరు తిరిగితే చెవి దానంతట అదే తిరుగుతది. తర్వాత దోస్తుకు వాయిస్ మెసేజ్ పంపండి, వాడు రాసి ఫొటో పంపాలె. రేపు వాడు చదవాలె, మీరు రాయాలె. బజార్ల నిలబడి చదవండి, బస్సుల చదవండి, చప్పుడు ఎంతుంటే అంత మంచిది.

విదేశీ ఎయిర్‌పోర్టుల అసలు రేడియో మాటలు వినిపించే వెబ్‌సైట్లు ఉన్నయి, లైవ్ఏటీసీ లాంటివి, అవి వినండి. మన దగ్గర మాత్రం ఆన్‌లైన్‌ల స్కానర్ కొని ఇక్కడి విమానాల రేడియో పట్టుకుందామని చూడకండి. మన దేశంల ఆ రిసీవర్లకు లైసెన్స్ కావాలె. రేపు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ ఉంటదని మర్చిపోవద్దు.

మొదట్లనే న్యూయార్క్ కంట్రోలర్లను పెట్టుకోకండి. వాళ్లు మిషన్‌గన్ లెక్క మాట్లాడుతరు, రెండు నిమిషాలల్ల మీకు బీఎడ్ గుర్తొస్తది. ఏటిస్‌తో మొదలుపెట్టండి, అది తిరిగి తిరిగి వస్తది, మనకోసం ఆగుతది. ఒక నెల అయినంక మాటల దిక్కు పోండి.

ఇగ ఈ వారం పని. ఇందాకటి కీలో మీ నోట్‌బుక్‌ల ఉన్నది కదా. ఇప్పుడు లీమా చదువుత, ఒక్కసారే. ఏమేం మారినయో రాయండి. మిల్లు ఇంకా నడుస్తనే ఉన్నది.

"దిస్ ఈజ్ హైదరాబాద్ అరైవల్ ఇన్ఫర్మేషన్ లీమా. టైం జీరో సిక్స్ జీరో జీరో. ఎక్స్‌పెక్ట్ ఐఎల్ఎస్ అప్రోచ్ రన్‌వే జీరో నైనర్ రైట్. సర్ఫేస్ విండ్ జీరో నైనర్ జీరో డిగ్రీస్, వన్ టూ నాట్స్. విజిబిలిటీ ఫైఫ్ టౌజండ్ మీటర్స్, హేజ్. క్లౌడ్ స్కాటర్డ్ టూ టౌజండ్ ఫైఫ్ హండ్రెడ్ ఫీట్. టెంపరేచర్ ట్రీ టూ, డ్యూ పాయింట్ టూ టూ. క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో సెవెన్ హెక్టోపాస్కల్స్. నో సిగ్నిఫికెంట్ చేంజ్. అక్నాలెడ్జ్ ఇన్ఫర్మేషన్ లీమా ఆన్ ఫస్ట్ కాంటాక్ట్."

చదివేది చూడకుండ, చెవితోనే రాయండి. మొత్తం ఎన్ని మారినయో జవాబు వచ్చే ఎపిసోడ్ మొదట్లనే చెప్త. బీఎస్సీ తమ్ముడూ, నీ పేజీ ఫొటో నాకు పంపు. ఖాళీ గళ్లున్నా సరే, అట్లనే పంపు.